సంతకం పెట్టని ఔట్‌పాస్

ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద, కింద బట్టల షాపు, పైన నాలుగంతస్తుల్లో ఇంటర్ క్లాసులు నడిచే బిల్డింగులో నేను ఫిజిక్స్ చెబుతాను. పొద్దున ఏడింటికి మొదలైతే సాయంత్రం ఏడున్నర దాకా పిల్లలు అందులోనే ఉంటారు. మధ్యలో లంచికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో నేనూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన మా కెమిస్ట్రీ సారూ స్టాఫ్‌రూములో ఒక మూల కూర్చుని ఫిగర్ స్కేటింగ్ చూసేవాళ్ళం.

చెబితే నవ్వొస్తుంది. చెరుకురసం బండి మీద గోనెసంచిలో చుట్టిన ఐసుదిమ్మ తప్ప మంచు ఎరగని మనుషులం. ఒకరోజు ఆయన ఫోనులో ఏదో వెతుకుతుంటే ఆ వీడియో వచ్చింది. ఒక అమ్మాయి మంచు మీద వెనక్కి జారుతూ వచ్చి, గాలిలోకి లేచి, మూడు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద దిగింది. దిగి, ఏమీ జరగనట్టు జారుతూ వెళ్ళిపోయింది. "ఇంకోసారి పెట్టండి సార్" అన్నాను. ఆయన నాలుగుసార్లు పెట్టారు.

అట్లా ఆ అమ్మాయి మాకు అలవాటైంది. అప్పటికే చాంపియన్. ఏ దేశంలో పోటీ జరిగినా మరుసటి రోజు లంచికి ఆ వీడియో మా టిఫిన్ బాక్సుల మధ్య ఉండాల్సిందే. తర్వాత సార్ నన్ను ఆమె అభిమానుల గ్రూపొకదాంట్లో చేర్పించారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఉండేవారు అందులో. నేను వేరే పేరు పెట్టుకుని, వచ్చిన ఇంగ్లీషులో రాసేదాన్ని. పెళ్ళయి, ఇద్దరు పిల్లలుండి, నలభై దాటాక, రోజంతా చెప్పిన పాఠమే చెప్పే మనిషికి అదొక కిటికీ. నేను కూడా ఒకప్పుడు రీసెర్చి చేద్దామనుకుని మధ్యలో మానేసినదాన్నే. ఆ సంగతి గ్రూపులో ఎవరికీ చెప్పలేదు.

ఒక వేసవిలో మా చాంపియన్‌కు పెద్ద యూనివర్సిటీలో సీటొచ్చింది. లక్షలమంది అప్లై చేస్తే గుప్పెడుమందిని తీసుకునే చోటు. రెండూ చేస్తానంది ఆమె. పొద్దున ప్రాక్టీసు, పగలు క్లాసులు, మళ్ళీ ప్రాక్టీసు. గ్రూపు రెండుగా చీలింది. కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం స్కేటింగే చెయ్యాలి, చదువు ఎక్కడికి పోతుందని కొందరు. మోకాలు పోతే మిగిలేది చదువేనని కొందరు. మా సార్‌ది మొదటి పక్షం.

"చూస్తూ ఉండండి మేడం, వచ్చే సీజన్‌కి పడిపోతుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎంతదూరం వెళ్తారండీ ఎవరైనా?" అనేవారు.

"ఆమె పెట్టగలదు సార్. ఎందుకు పెట్టకూడదు?" అని నేను వాదించేదాన్ని. నా గొంతు ఎంత పెరిగేదంటే, పక్క టేబులు దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకునే మ్యాథ్స్ మేడం తలెత్తి చూసేది.

ఆ రోజుల్లోనే సెకండియర్ క్లాసులో రొటేషనల్ మోషన్ రివిజన్ చెబుతున్నాను. చేతులు దగ్గరికి తీసుకుంటే తిరిగే వేగం ఎందుకు పెరుగుతుందో బోర్డు మీద రాసి, ఆగలేక, నా ఫోనులో వీడియో పెట్టి ముందు బెంచీ నుంచి చివరి దాకా తిప్పాను. పిల్లలు సరదాగా చూశారు. బెల్లు కొట్టాక అందరూ వెళ్ళినా మూడో బెంచీలో ఒక అమ్మాయి కదల్లేదు.

"మేడం, నేను గూడ జేస్త."

"ఏం జేస్తవ్?"

"స్కేటింగ్. ఐస్ మీద గాదు, చక్రాల మీద. ఆర్టిస్టిక్ అంటరు. స్టేట్‌ల ఫస్ట్ వచ్చిన." అని, ఎవరైనా విన్నారేమోనన్నట్టు తలుపు వైపు చూసింది.

ఆ పిల్ల వాళ్ళమ్మ నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనిచేస్తుంది. ఇద్దరే ఉంటారు, మల్లాపూర్ పోయే దారిలో ఒక గదిలో. చిన్నప్పుడు పార్కులో స్కేటింగ్ నేర్పే కోచ్ ఒకాయన ఈ పిల్ల పరుగు చూసి, పాత బూట్లు ఇచ్చి, ఊరికే నేర్పాడట. అప్పటి నుంచి ఆపలేదు.

ఒక ఆదివారం పొద్దున నేనే అడిగి చూడ్డానికి వెళ్ళాను. పార్కు వెనక స్కేటింగ్ చేసే సిమెంటు రింకు. ఒకవైపు గచ్చు పగిలి ఉంటే దాని చుట్టూ సుద్దతో గీత గీసుకున్నారు. గాలిలో ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ఘాటు వాసన. ఆ పిల్ల రెండు రౌండ్లు తిరిగి, వెనక్కి మళ్ళి, ఎగిరింది. పడింది. మోకాలు గీరుకుంది. లేచి మళ్ళీ ఎగిరింది. మళ్ళీ పడింది.

నేను గట్టు మీద నుంచి, "చేతులు లేటుగ తెస్తున్నవ్. ఎగిరేటప్పుడే గుండెలకు ఆనించుకో!" అని అరిచాను. ఫోనులో వందసార్లు చూసిన చదువు అది.

ఈసారి చేతులు దగ్గరికి తీసుకుని లేచింది. రెండు చుట్లు. చక్రాలు గచ్చు మీద టక్కున ఆని, కాలు వణికి, నిలబడింది. ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. కోచ్ చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల నా దగ్గరికి జారుతూ వచ్చి, చెమటతో, రొప్పుతూ, "వచ్చింది మేడం! రెండు నెలల సంది వస్తలేకుండె!" అంది. చాలా ఏళ్ళ తర్వాత, నేను చెప్పిన ఫిజిక్స్ ఎవరికో నిజంగా పనికొచ్చిందనిపించింది.

తర్వాతి వారమే ఔట్‌పాస్ కాగితం తెచ్చింది. జాతీయ పోటీలకు ఆరువారాలుంది. రోజూ నాలుగింటికి వదిలితే చీకటి పడేదాకా ప్రాక్టీసు చేసుకుంటానంది. పొద్దున క్లాసులు మానదట, వారం టెస్టులన్నీ రాస్తుందట. క్లాస్ ఇన్‌చార్జి సంతకం పెడితేనే కాగితం ప్రిన్సిపాల్ దాకా పోతుంది. ఆ క్లాసుకు ఇన్‌చార్జిని నేనే.

అంతకు వారం ముందే మీటింగులో ప్రిన్సిపాల్ సార్ చెప్పారు. ఔట్‌పాస్ మీద సంతకం పెట్టినవాళ్ళే ఆ స్టూడెంటు మార్కులకు బాధ్యులు, మార్కులు తగ్గితే వచ్చే ఏడు మంచి ర్యాంకులొచ్చే పై బ్యాచులు ఆశించొద్దు అని. ఎవరి వైపూ చూడకుండా చెప్పారుగానీ, పోయినేడు ఒక పిల్లవాణ్ణి అక్క పెళ్ళికి పదిరోజులు వదిలి మాట పడింది నేనే కాబట్టి, నా వైపు చూసినట్టే అనిపించింది.

"ఈ వారం టెస్టు అయిపోనీ, చూద్దాం" అన్నాను.

టెస్టయింది. ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. "సోమవారం చూద్దాం" అన్నాను. సోమవారం ప్రిన్సిపాల్ లేరన్నాను. ఆయన ఉన్నారు. కాగితం నా డ్రాయరులో, సుద్దముక్కల డబ్బా కింద ఉంది.

సరిగ్గా అప్పుడే మా చాంపియన్ యూనివర్సిటీలో చేరాక మొదటి పెద్ద పోటీలో రెండుసార్లు పడింది. గ్రూపులో ఒకటే గోల. మేం ముందే చెప్పలేదా, చదువైనా మానాలి, ఆటైనా మానాలి, అభిమానులను మోసం చేస్తోంది అని. నాకు ఒళ్ళు మండింది. లంచిలో అన్నం పక్కన పెట్టి ఇంత పొడుగు రాశాను. రెండూ కావాలనుకునే అమ్మాయిని ఒకటి వదులుకొమ్మనే హక్కు మనలో ఎవరికీ లేదని, ఆమెకు కావలసింది సలహా కాదు, కాస్త వెసులుబాటని రాశాను. దానికి ఎన్ని హార్టులొచ్చాయో. ఎవరో తెలియని ఒకామె "మీలాంటి టీచరు నాకు ఉండి ఉంటే" అని రాసింది.

అదే రోజు నాలుగింటికి మెట్ల దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. బ్యాగు భుజాన ఉంది. నేను ఫోను మాట్లాడుతున్నట్టు చెవికి పెట్టుకుని పైకి వెళ్ళిపోయాను.

చివరికి వాళ్ళమ్మే వచ్చింది. డ్యూటీలో పర్మిషన్ పెట్టుకుని, కంపెనీ ఆప్రాను మీదనే వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలోకి నన్నూ పిలిచారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, ఇప్పుడు ఒక్కో వారం చాలా ముఖ్యం. తర్వాత మీరే మమ్మల్ని అంటారు" అన్నారు.

ఆమె ఆయన మాట విని, నా వైపు తిరిగింది. "మేడం, మీరు జెప్పున్రి. మా పోరి రోజు మీ ముచ్చటనే జెప్తది. గా ఆట సంగతి మీకు మస్తు ఎరికంట గద. నాకేం దెల్వది. మీరు ఎట్ల జెయ్యమంటె గట్ల జేస్తం."

ప్రిన్సిపాల్ కూడా నా వైపే చూస్తున్నారు. ఆ పిల్ల, తల్లి వెనక నిలబడి, గోడకు ఆనుకుని ఉంది. దాని ముఖంలో భయం లేదు. నేను ఏం చెబుతానో దానికి తెలుసన్న నమ్మకం ఉంది.

"ఇప్పుడైతే చదువు మీద పెడితేనే మంచిదమ్మా. ఆట ఎక్కడికి పోతది, తర్వాత ఆడుకోవచ్చు" అన్నాను.

"గట్లనే మేడం" అంది తల్లి. దండం పెట్టి వెళ్ళింది. పిల్ల నా వైపు చూడలేదు. స్టాఫ్‌రూములోకి వచ్చాక కెమిస్ట్రీ సార్, "మంచిపనే చేశారండీ. అక్కడంటే ఆ యూనివర్సిటీలు చూసుకుంటాయి. ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు బతికాను. అయినా లంచిలో వీడియోలు పెడితే చూడాలనిపించేది కాదు. సారూ మెల్లగా మానేశారు.

ఆ పిల్ల పోటీలకు పోలేదు. మూడో బెంచీ నుంచి ఆఖరి బెంచీకి మారింది. మిగతా సంవత్సరమంతా అన్ని క్లాసులకూ వచ్చింది, ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. మార్కులు మాత్రం వారం వారం తగ్గాయి. ఒకసారి నా టెస్టులో తెల్లకాగితం ఇచ్చింది. పిలిచి అడిగితే, "చదివిన మేడం. యాదికి వస్తలేదు" అంది. ఆమెను చదువు కోసమే ఆపామన్నాం. ఆపాక చదువూ ఆగిపోయింది. ఎంట్రెన్సులో ర్యాంకు ఎంత వచ్చిందో కూడా నాకు తెలియదు. గోడకు అంటించిన ర్యాంకర్ల ఫోటోల్లో ఆమె లేదు. అంతే తెలుసు.

మొన్న ఆషాఢంలో, మేడిపల్లిలో మా చిన్నమ్మ ఇంటికి పోదామని ఉప్పల్‌లో బస్సెక్కాను. సగంలో ఆగిన ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన బస్సు కదల్లేక కదల్లేక పోతోంది. ఆడవాళ్ళతో కిక్కిరిసి ఉంది. "మేడం, కూసోండ్రి" అని ఎవరో లేచారు. ఆ పిల్లే. కాస్త లావైంది. మెడలో ఐడీ కార్డుంది. పోచారంలో ఒక సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో ఫ్రంట్ డెస్కులో చేస్తోందట. డిగ్రీ దూరవిద్యలో కడుతోందట. అమ్మకు నడుము నొప్పి వచ్చి పని మానేసిందట.

నేను కూర్చోలేకపోయాను. "స్కేటింగ్...?" అన్నాను.

"లేదు మేడం. బూట్లు గూడ ఎవరికో ఇచ్చేసిన. చిన్న పోరి, మంచిగ జేస్తది."

"నీకు సంతకం పెట్టకుండ నేను తప్పు జేసిన" అన్నాను. జనం మధ్య, కమ్మీ పట్టుకుని, రెండేళ్ళుగా మోసిన మాట ఒక్క ముక్కలో అయిపోయింది.

ఆమె ఇబ్బందిగా నవ్వింది. "అయ్యో, గదేంది మేడం. మీరు మాత్రం ఏం జేస్తరు? మీకు గూడ రూల్స్ ఉంటయి గద." నన్ను ఓదార్చింది. తిట్టి ఉంటే బాగుండు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మేడం, మీరు క్లాస్‌ల సూపిచ్చిన ఆమె ఎట్లుంది? ఆడుతుందా ఇంక?" అంది.

"ఆడుతుంది. మొన్ననే మళ్ళ గెలిచింది."

"మరి చదువు?"

"అది గూడ చదువుతుంది."

"మస్తు గ్రేట్ మేడం" అంది, ముఖమంతా వెలుగుతూ. ఆ వెలుగులో ఈర్ష్య ఏమాత్రం లేదు. ఎక్కడో పుట్టిన వాళ్ళ సంగతి వింటున్నట్టు, తనకు సంబంధం లేని మంచివార్త విన్నట్టు సంతోషపడింది. మేడిపల్లి దగ్గర నేను దిగుతుంటే బ్యాగు అందించింది.

చిన్నమ్మ ఇంటికి పోలేదు. స్టాపులో చాలాసేపు కూర్చుని, ఎదురుబస్సు ఎక్కి వెనక్కి వచ్చేశాను. ఆ వారమే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, నన్ను ఇన్‌చార్జిగా వెయ్యొద్దని చెప్పాను. కారణం అడిగారు. ఆరోగ్యం బాగుండడం లేదన్నాను. అప్పుడూ నిజం చెప్పలేకపోయాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. కొత్తగా చేరిన ఇంగ్లీషు మేడమ్‌కు అప్పగించారు. ఇరవై ఐదేళ్ళుంటాయేమో ఆమెకు. రిజిస్టరూ, ఔట్‌పాసుల కట్టా ఇస్తుంటే, "మేడం, ఎలాంటివాళ్ళకు సంతకం పెట్టొచ్చు?" అని అడిగింది.

నేను చెప్పేలోపే, పక్కనుంచి మ్యాథ్స్ మేడం, "ఎవరికీ పెట్టకు. నీకే మంచిది" అంది. కొత్త మేడం తలూపి, కట్టను బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. బెల్లు కొట్టారు. నేను క్లాసుకు వెళ్ళాను.