తప్పు లచ్చవ్వది కాదన్న స్వరూపక్క

నిన్న పొద్దున్నే ఫోన్.
స్వరూపక్క ఇక లేదన్నారు.
నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నలభై కూడా నిండలేదు. ఇబ్రహీంపట్నం వెళ్లి కళ్లారా చూసొచ్చినా నమ్మబుద్ధి కావడం లేదు.

ఇంటికొచ్చి ఫేస్‌బుక్ తెరిచాను. ఏడుపు పోయి ఒళ్లు మండింది.

"తీరని లోటు" అని మా ప్రాజెక్ట్ హెడ్ గారి పోస్ట్. పక్కన దండం ఎమోజీ.
సార్, బతికున్నప్పుడు ఆమె మాట ఒక్కటైనా విన్నారా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. శేరిగూడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో, రైతులతో ఫోన్‌లో మాట్లాడే వాయిస్ బాట్ తయారుచేశాం. పంటకు పురుగు పడితే ఏం చేయాలో అది చెప్పాలి. కోడ్ నాది. జనం దగ్గరికి తీసుకెళ్లి టెస్ట్ చేసే పని అక్కది.

కందుకూరు దగ్గర ఒక ఊళ్లో లచ్చవ్వ అనే పెద్దావిడకు ఫోన్ ఇచ్చాం. ముందు బాట్‌ని పలకరించింది. "మంచిగున్నవా బిడ్డా? తిన్నవా?"
తర్వాత స్పీకర్ పెట్టింది. బాట్ ఒక ప్రశ్న అడిగితే ఇంటిల్లిపాదీ చర్చ. మొగుడు ఒకటంటాడు, కోడలు ఇంకొకటంటుంది. వాళ్లు తేల్చేలోపే, జవాబు రాలేదని బాట్ కాల్ కట్ చేసేది.

"యూజర్ ఎర్రర్ అని రాయండి" అన్నారు హెడ్ గారు.

అక్క మీటింగ్‌లో అందరి ముందే లేచింది. "తప్పు అవ్వది కాదు సార్, మనది. ఒక ఫోనంటే ఒక్క మనిషే అనుకున్నం. ఆడ ఇల్లంత మాట్లాడ్తది. జర ఆగుడు నేర్పాలె దానికి."

కొట్లాడి మరీ, జవాబు కోసం బాట్ నిమిషం ఆగేలా పెట్టించింది. అవ్వ ఇంట్లో చక్కగా పనిచేసింది.

డెమో రోజు అదే కుటుంబాన్ని స్టేజీ ఎక్కించింది. అవ్వ మొగుడి వైపు తిరిగేలోపే కట్. మళ్లీ చేస్తే మళ్లీ కట్. హాలంతా నవ్వులు. ముందు వరుసలో హెడ్ గారు కూడా.

అవ్వ ఫోన్ అక్క చేతిలో పెట్టింది. "నాకు మాట్లాడ రాదు బిడ్డా. నీ ఇజ్జత్ తీసిన."

ఆ మాట అక్కను తినేసింది. ఊరికి వెళ్లి అవ్వకు క్షమాపణ చెప్పింది. నెలల తరబడి రికార్డింగులు వింటూ తన తప్పేమిటా అని వెతికింది.

ఆరోజు నవ్వినవాళ్లే ఇప్పుడు వరసగా RIP కొడుతున్నారు. సిగ్గుండాలి.

నాకు ఇంకా ఎక్కువ ఉండాలి.

నీ తప్పు ఏమీ లేదక్కా. డెమోకు వచ్చే పెద్దమనుషులకు బాట్ స్లోగా కనిపించకూడదని హెడ్ గారు ఆ పొద్దున నాకు చెప్పారు. నిమిషాన్ని మూడు సెకన్లు చేసింది నేనే. నువ్వు వెతుకుతుంటే పక్క సీట్లో కూర్చొని నోరు మెదపలేదు.

రేపు వెళ్లి లచ్చవ్వకు చెబుతాను. నీకు చెప్పలేకపోయాను.

సెలవు అక్కా. నీకు శాంతి దొరకాలి.
మాకు మాత్రం వద్దు.