చిన్నాగాడి ఉపవాసం

నిన్న తార్నాకలో మిఠాయి కొట్టు ముందు బెల్లం పాకం మాడిన వాసన వచ్చింది. ముక్కు మూసుకుని రోడ్డు దాటేశాను.

క్యాంపస్ క్వార్టర్స్‌లో నాతో ఆడుకున్నవాళ్లకు మా తమ్ముడు చిన్నా గుర్తున్నాడా? ఒంట్లో బాగాలేనప్పుడల్లా వాడి దగ్గర ఇదే వాసన. పుట్టుకతో వచ్చిన జబ్బు. పప్పు, పాలు, గుడ్డు వాడికి విషం. అమ్మ త్రాసులో తూచి వండిన అన్నం, డాక్టరు రాసిన పొడి, వాడికంటూ వేరే స్టీలు గిన్నె.

ఆ గుడ్‌ఫ్రైడే పొద్దున్నే అమ్మానాన్నా చర్చి పనికి వెళ్లారు. వాడికి తినిపించడం నా వంతు.

"అక్కా, ఇవాళ మీరెవరూ తినరుగా. నేనూ తినను."

నాకు పదేళ్లు. తింటేనే వాడికి ప్రమాదం అనుకున్నాను. ఖాళీ కడుపు అంతకన్నా ప్రమాదమని, తిండి లేకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుని అదే విషం చేసుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. "సరే, ఉండరా," అని గిన్నెలో అన్నం కాకులకు వేశాను.

మధ్యాహ్నం ఆరాధనలో నా ఒళ్లో వాలిపోయాడు. వాడి చెవి దగ్గర పాకం వాసన. ఈస్టర్ తెల్లవారకముందే ఆసుపత్రిలో పోయాడు.

ఆ శుక్రవారం మేమిద్దరం చర్చికి బయల్దేరినప్పుడు మెట్ల మీద వాణ్ని పక్కింటి అత్తమ్మ అడిగింది. "ఏం తిన్నవ్ బిడ్డా?"

వాడు గర్వంగా చెప్పాడు. "ఇవాళ మా ఇంట్లో అందరూ తిన్నదే."