అయినట్టే అంటే ఎంత?

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాట్‌లో ఫోను పక్కన కాపలా కూర్చునేది. నోయిడా ఆఫీసు నుంచి నేను ఫోను చేసి "వచ్చేసినట్టేనమ్మా" అనేదాన్ని. ఆ మాట అనేటప్పుడు నేను ఇంకా నా కుర్చీలోనే ఉండేదాన్ని. మా కంపెనీ బండ్లు రెండు. ఒకటి ఆరు గంటలది, రెండోది చీకటి పడ్డాక ఎప్పుడో బయల్దేరేది. ఆరు గంటల బండి ఎక్కాలంటే మా మేనేజరు తల ఊపాలి. ఆ తల కంప్యూటరు వైపు తప్ప ఇంకెటూ ఊగేది కాదు. రెండో బండిలో ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయేది. మెలకువగా ఉన్న కూతుర్ని చూడాలన్నది తప్ప ఆ రోజుల్లో నాకు పెద్ద ఆశయాలేవీ లేవు.

మేము ఆసుపత్రులకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళం. మా మేనేజరు లక్నో మనిషి, మహా మర్యాదస్తుడు. తిట్టినా 'ఆప్' అని గౌరవంగానే తిట్టేవాడు. అలాంటి మనిషి గుర్గావ్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్ళి ఎజైల్ అనే కొత్త పనిపద్ధతిని అంటించుకుని వచ్చాడు. ఇక మీదట పనిని చిన్న చిన్న ముక్కలుగా చేస్తామట. రెండు వారాలకోసారి ఏదో ఒకటి పూర్తిచేసి చూపిస్తామట. రోజూ పొద్దున్నే అందరం నిలబడి, ఎవరేం చేశారో చెప్పుకుంటామట. కూర్చుంటే కబుర్లు పెరుగుతాయి, నిలబడితే కాళ్ళు నొప్పెట్టి త్వరగా ముగిస్తారు అన్నది అందులోని కిటుకు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ సాయంత్రమే గోడకు తెల్లబోర్డు బిగించి మూడు గళ్ళు గీశాడు. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికీ ఒక పసుప్పచ్చ చీటీ. పని నడిచేకొద్దీ చీటీ కూడా ఒక గడిలోంచి ఇంకో గడిలోకి నడవాలి.

మా జట్టులో నేను కాక ఇంకో తెలుగాయన ఉండేవారు. నెల్లూరు మనిషి, నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. మేము రాసిన ప్రోగ్రాములు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించడం ఆయన పని. నాకన్నా బాగా పెద్దవారు, మోకాళ్ళ నొప్పులు. మొదటిరోజు నిలబడ్డ కాసేపటికే నా చెవిలో, "ఎజైల్ అంటే ఏందో అనుకున్నానమ్మా. హిందీలో యే జైల్, ఇది జైలన్నమాట" అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

వారం తిరక్కుండా మేనేజరు రెండో బాంబు వేశాడు. జట్టుకు లక్ష్యం కావాలి, అది కొలవడానికి వీలుగా ఉండాలి అన్నాడు. మెరుగుపడదాం సర్ అని నేను అన్నాను. ఎంత మెరుగుపడదాం అని అడిగాడు. నేను నెల్లూరు అన్నయ్యగారి వైపు చూశాను. "బహుత్ సారా సర్" అన్నారాయన. బోలెడంత అనేది అంకె కాదని మేనేజరు కొట్టిపారేశాడు. చివరికి తనే తేల్చాడు. రెండు వారాల్లో మూడో గడిలోకి వంద చీటీలు చేరాలి. చేరితే ఆ తర్వాతి రెండు వారాలూ జట్టు మొత్తానికి ఆరు గంటల బండి.

ఆ బండి కోసమైతే వంద కాదు, వెయ్యి అన్నా ఒప్పుకునేదాన్ని.

మర్నాటి నుంచి చీటీలు పిల్లలు పెట్టడం మొదలెట్టాయి. అంతకుముందు నాకు 'మందుల బిల్లు సరిచేయాలి' అని ఒకే చీటీ ఉండేది. దాన్ని ఫైలు తెరవడం, ఫైలు చదవడం, తప్పు వెతకడం, తప్పు దొరికితే సరిచేయడం, ఫైలు మూయడం అని విడగొట్టాను. అప్పటికీ చాలదనిపించి 'పాత ప్రోగ్రాము చూసి ఆశ్చర్యపోవడం' అని ఇంకోటి రాశాను. నిజం చెప్పాలంటే, వాటన్నిటిలోకీ అదొక్కటే పూర్తిగా, లోపం లేకుండా అయింది. ఢిల్లీ కుర్రాళ్ళు ఇంకా ఘనులు. చాయ్ తాగుతూ ఆలోచించడానికి ఒకటి, ఆలోచించింది మర్చిపోతే మళ్ళీ ఆలోచించడానికి ఇంకొకటి రాశారు. ఇన్ని చీటీలూ రోజూ చదవాలి కాబట్టి నిలబడే మీటింగు సాగీ సాగీ టిఫిన్ అరిగిపోయేదాకా నడిచేది. అందరం గోడలకు బల్లుల్లా అతుక్కుపోయేవాళ్ళం.

అసలు తమాషా నెల్లూరు అన్నయ్యగారి హిందీలో ఉంది. ఆయన తెలుగులో ఆలోచించి, మాటకు మాట హిందీ చేసి వదిలేవారు. మేనేజరు చీటీ పట్టుకుని "హో గయా?", అయిందా, అని అడిగేవాడు. 'అయినట్టే' అనాలి కదా, అందుకని ఆయన 'నట్టే'కు బదులు 'జైసా' తగిలించి "హో గయా... జైసా హై" అనేవారు. ఆ 'హో గయా'కూ 'జైసా'కూ మధ్య చిన్న విరామం. మేనేజరుకు అదే చాలు. 'జైసా' గాల్లో ఉండగానే చీటీ మూడో గడిలో ఉండేది. ఇది చూసి నేనూ నేర్చుకున్నాను. కుర్రాళ్ళకు నేర్పక్కర్లేదు, అయిపోయిందనుకోండి అనే 'హో గయా సమఝో' వాళ్ళకు పుట్టుకతోనే ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మూడో గడి పసుప్పచ్చగా కళకళలాడిపోయింది. మేనేజరు రోజూ దాని ముందు ఆగి, ఇంట్లో కొత్త ఫ్రిజ్‌ను చూసుకున్నట్టు చూసుకునేవాడు.

మే నెల అది. గడువుకు ముందురోజు మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగింది. ఉక్కపోత భరించలేక ఎవరో కిటికీ తెరిచారు. అదే సమయానికి ఆంధీ లేచింది. ఆ దుమ్ముగాలి ఎలా ఉంటుందో ఢిల్లీలో ఒక్క వేసవి గడిపినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బోర్డు మీది చీటీలన్నీ ఒక్కసారిగా లేచి, గదంతా తిరిగి, నేలమీద, ఫ్యాన్ల మీద, మేనేజరు భుజాల మీద వాలాయి. కరెంటు వచ్చాక చూస్తే మూడు గళ్ళూ ఖాళీ.

మేనేజరు ఒక్కో చీటీ ఏరి, ఇది ఏ గడిలోది అని అడగడం మొదలెట్టాడు. ప్రతి చీటీకీ అందరం ముక్తకంఠంతో మూడో గడి అన్నాం. 'డిశ్చార్జి బిల్లు' అన్న చీటీ వచ్చింది. "హో గయా?" అన్నాడు. అనుమానం వచ్చిందేమో, ఈసారి జవాబు పూర్తయ్యేదాకా ఆగాడు.

"హో గయా... జైసా హై సర్" అన్నారు నెల్లూరు అన్నయ్యగారు.

'జైసా' మొదటిసారి మేనేజరు చెవిన పడింది. "జైసా?" అన్నాడు. అని, కంప్యూటరు దగ్గరికి వెళ్ళి డిశ్చార్జి బిల్లు తెరిచాడు. బిల్లు మొత్తం పడాల్సిన చోట రోగి వయసు, వయసు పడాల్సిన చోట బిల్లు మొత్తం పడ్డాయి. పదకొండు వేల ఏళ్ళ ముసలాయన నలభై రెండు రూపాయలు కట్టి ఇంటికి వెళ్తున్నాడు.

"ఈ జైసా అంటే ఏమిటి?" అని మేనేజరు నన్ను అడిగాడు. తెలుగువాళ్ళ తరఫున జవాబు చెప్పాల్సిన భారం నా మీద పడింది. మా భాషలో అయిపోయిందానికీ కాలేదానికీ మధ్య 'అయినట్టే' అని ఒకటి ఉంటుంది సర్, మనసులో పని అయిపోతుంది, చేతుల్లో మాత్రం మిగిలి ఉంటుంది అన్నాను.

"అయినట్టే అంటే ఎంత?" అన్నాడాయన.

"అది చెప్పలేం గదా సర్" అని నెల్లూరు అన్నయ్యగారు తెలుగులోనే అనేశారు.

మేనేజరు తిడతాడనుకున్నాం. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. తన భార్య వంటింటి అల్మారా బాగుచేశారా అని అడిగినప్పుడల్లా తనూ హో గయా సమఝో అంటున్నాడట, రెండేళ్ళుగా. నవ్వడం అయ్యాక వంద చీటీల లక్ష్యాన్ని రద్దు చేశాడు. దాంతోపాటు ఆరు గంటల బండి కూడా పోయింది.

అందరూ నవ్వుతున్నారు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రెండు వారాలు ఆ బండి గురించి కలలు కన్నది నేను. ఆ మంటలోనే నోరు తెరిచాను. "సర్, కొలవాలంటే ఆరు గంటల బండిలో తలకాయలు లెక్కపెట్టండి. ఎవరి పని ఆసుపత్రివాళ్ళు చూసి ఫోన్లో బాగుందంటారో వాళ్ళు ఆరోజు ఎక్కుతారు. బండి దగ్గర ఎక్కినట్టే అంటే కుదరదు. ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు" అన్నాను. ఆయనకు అది నచ్చింది. అంకె ఉంది కదా. మూడో గడి చెరిపేసి అక్కడ ఒక బండి బొమ్మ గీశాడు. చూడ్డానికి ఆవులా ఉంది, ఎవరమూ ఏమీ అనలేదు.

మొదటిరోజు ఒక్కరూ ఎక్కలేదు. డ్రైవరు పైకొచ్చి, "కోయీ నహీ జాయేగా క్యా?" అని జాలిగా అడిగాడు. తర్వాత ఒకరు, మరికొన్నాళ్ళకు ఇద్దరు ఎక్కారు. నా మందుల బిల్లు మాత్రం మొండికేసింది. ఆసుపత్రివాళ్ళు చూడటం, ఏదో ఒకటి తప్పని తిప్పి పంపడం. పగలంతా దానితో కుస్తీ పట్టి, సాయంత్రం ఇంటికి ఫోను చేసి మామూలుగానే "వచ్చేసినట్టేనమ్మా" అనేదాన్ని. చివరికి ఒకరోజు అవతలివాళ్ళు ఫోను చేసి బిల్లు బాగుందన్నారు. వాళ్ళు ఇంకేమైనా అంటారేమోనని భయపడి టక్కున ఫోను పెట్టేసి, బ్యాగు తీసుకుని పరిగెత్తాను. బండిలో కూర్చుని ఇంటికి ఫోను చేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది. "వచ్చేసినట్టేనమ్మా" అన్నాను.

ఇంకా వెలుగుండగానే మా గుమ్మం ముందు నిలబడ్డాను. దోమల జాలీ తలుపు వెనకనుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"అమ్మ ఏమంది తల్లీ?" అని మా ఆయన పిల్లను అడుగుతున్నారు.

"వచ్చేసినట్టే బోలీ."

"అయితే వచ్చేస్తోందన్నమాట."

"నహీ డాడీ. వచ్చేసినట్టే మత్‌లబ్ నహీ ఆయేగీ. ముఝే సులా దో."

ఆఫీసు ఆఫీసంతా కలిసి తేల్చలేని మాటకు నా కూతురు ఒక్క ముక్కలో అర్థం చెప్పేసింది. అమ్మ రాదని అర్థం, ఇక తనను నిద్రపుచ్చమని. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. బెల్లు కొట్టాను. పిల్ల తలుపు తీసి నా మొహం చూడలేదు, కాళ్ళకేసి చూసింది. దానికి తెలిసిన అమ్మ పొద్దున్నే చెప్పులేసుకుని వెళ్ళిపోయే అమ్మ.

"చప్పల్ ఉతారో" అంది.

ఒక చెప్పు విప్పాను.

"దూస్రీ భీ."

రెండోదీ విప్పాను. అప్పుడు తలెత్తి నన్ను చూసి, "అబ్ ఆ గయీ" అంది. ఇప్పుడు నిజంగా వచ్చానట. ఆ రెండు చెప్పులూ చంకలో పెట్టుకుని లోపలికి పారిపోయింది. ఆ సాయంత్రమంతా అది చెప్పిన కబుర్లు నేను నోరు మెదపకుండా విన్నాను. అంత సంతోషం నాకు ఏ జీతం పెంపుతోనూ రాలేదు.

మర్నాడు పొద్దున కింద బండి హారను మోగుతోంది. ఇల్లంతా వెతికినా చెప్పులు లేవు. దుప్పటి ముసుగులో ఉన్న పిల్లను బతిమాలాను. "ఎక్కడ దాచావమ్మా? ఇచ్చెయ్యి తల్లీ."

ఏం అడిగినా హిందీలోనే జవాబు చెప్పే పిల్ల, ముసుగు తియ్యకుండా, స్పష్టంగా తెలుగులో అంది.

"ఇచ్చేసినట్టే."

ఆరోజు బాత్రూం చెప్పులతోనే ఆఫీసుకు వెళ్ళాను.