దూలం కింది పీత

"ఫోన్‌లో ఒక్క నొక్కుతో అయిపోయే బొమ్మకి మూడ్రోజులు మెడ విరగ్గొట్టుకోవడం దేనికమ్మా?"

తైవాన్‌లోని లుకాంగ్‌లో మా వీధి గుడి కమిటీ అధ్యక్షుడు హువాంగ్ ఒకసారి అందరి ముందూ అడిగేశాడు. గుడి ఎదురుగా సన్న నూడుల్స్ జావ అమ్మే షి యుయెషియా దూలం మీంచి చూపు దించలేదు. "ఫోన్ చూస్తుంది, సరే. మరి నేను చూడొద్దా బాబాయ్?" అంది.

రోజూ పదకొండుకల్లా ఆమె జావ గిన్నె ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఒక పీట, చించిన క్యాలెండర్ కాగితాలు, పెన్సిలు. పదకొండేళ్ళుగా ఆ గుడి చెక్కడాలు గీస్తోంది. దీన్ని భక్తి అన్నవాళ్ళున్నారు, ధ్యానం అన్నవాళ్ళున్నారు. రెండూ కాదు. ఆమె అగరొత్తి వెలిగించగా ఎవరూ చూడలేదు. ఆమెకున్నదల్లా ఒక నియమం: గీయడం పూర్తయ్యేదాకా దాని పేరు అనుకోకూడదు. "పువ్వు అనుకున్నామా, చెయ్యి తనకొచ్చిన పువ్వు గీసి పారేస్తుంది. అక్కడున్నది అక్కడే ఉండిపోతుంది." చూడటం గురించి ఇంత తక్కువ మాటల్లో చెప్పగల ప్రొఫెసర్లు అరుదు.

గుడి కట్టినప్పుడు నడుమ తెర దించి, ఎడమ సగం ఒక మేస్త్రీకి, కుడి సగం ఇంకో మేస్త్రీకి పోటీగా అప్పజెప్పారు. ఈ కథ హువాంగ్ ప్రతి ఉత్సవంలోనూ మైకు పట్టుకుని చెబుతాడు. చెప్పడమే తప్ప తలెత్తి చూసింది లేదు. కిందటేడు కుడివైపు చెక్కను చెదలు తినేశాయి. దూలాల చివర వేలాడే చెక్క పూలబుట్టల్ని దించబోతే పొడిపొడిగా రాలిపోయాయి. మరమ్మతుకొచ్చిన ఇంజనీరు ఎడమ సగాన్ని కొలిచి, కంప్యూటర్లో అద్దంలోలా తిరగేసి, ఇదే కుడి సగం అన్నాడు. పోటీ కథ చెప్పిన ఆ హువాంగే దాని మీద సంతకం పెట్టాడు. సోమవారం చెక్కడం మొదలు. అదే జరిగితే రెండో మేస్త్రీ ఆ గుడిలో ఎన్నడూ పనిచేయనట్టే.

శనివారం యుయెషియా కుడివైపు బొమ్మలన్నీ, నలభై రెండు కాగితాలు, తెచ్చి చెక్కడం పనివాడు లిన్ ముందు పరిచింది. హువాంగ్, ఇంజనీరు అక్కడే ఉన్నారు.

"ఇదేంటక్కా, పీతా?" అన్నాడు లిన్.

"మూడో బుట్ట అడుగున. తామరాకు కింద దూరింది. సరిగ్గా కిందకెళ్ళి మెడ ఎత్తితేనే కనబడేది."

హువాంగ్ పడీపడీ నవ్వాడు. "డెబ్భయ్యేళ్ళుగా ఈ గుడికొస్తున్నా. పీతంట! నీ జావ గిన్నెలోంచి పాకిందేమో."

"నా జావలో రొయ్యలేస్తా బాబాయ్, పీతలు కాదు. రోజూ తింటావు, అదీ చూళ్ళేదా?"

ఇంజనీరు బుట్టలు దించకముందు తీసిన తన ఫోటోలు తెరిచాడు. పొగ పట్టిన నల్లటి ముద్ద తప్ప ఏమీ తేలలేదు. లిన్ మాత్రం కాగితం వదలలేదు.

"ఇటు కాళ్ళు మూడేనేంటక్కా?"

"నాలుగోది విరిగింది. దాని మొదలు మిగిలింది చూడు, అదీ గీశాను."

లిన్ ఆ చిన్న మొదలు మీద వేలు పెట్టి చూశాడు. ఊహించి గీసేవాళ్ళు పీతకి కాళ్ళన్నీ పెడతారు. విరిగిన చోటు గీసేది చూసినవాళ్ళే. ఆ సంగతి ఉలి పట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

"తిరగేసిన పటం నేను చెక్కను బాబాయ్. వేరే మనిషిని చూస్కో," అన్నాడు.

వేరే మనిషి దొరకడం అంత తేలిక కాదని హువాంగ్‌కి తెలుసు. సాయంత్రానికి కమిటీ దిగొచ్చింది. కాగితానికి మూడు వందల తైవాన్ డాలర్ల చొప్పున బొమ్మలన్నీ తీసుకుంటామంది.

ఇప్పుడు కుడివైపు మూడో బుట్ట కింద, కొత్త కర్పూరపు చెక్కలో, మేస్త్రీ మొదట చెక్కినట్టే కాళ్ళన్నీ ఉన్న పీత నక్కి ఉంది. యుయెషియాకి రావలసిన పన్నెండు వేల ఆరు వందల డాలర్లు ఇంకా ముట్టలేదు.