చెమట చేతుల పరీక్ష

ఆ గోడౌన్‌లో గాజు దీపాలను పెట్టెల్లో సర్దే ఆమెకు చిన్నప్పటి నుంచీ అరచేతులు చెమట పడతాయి. ఇరవై రెండేళ్లు థర్మాకోల్ ముక్కలతో సర్దినంత కాలం అదెవరికీ పట్టలేదు. ఇకమీదట మట్టిలో కలిసిపోయే సరుకే వాడాలని కంపెనీవాళ్లు మొక్కజొన్న పిండితో చేసిన తేలికపాటి గుళికలు తెప్పించాక కష్టం మొదలైంది. గుప్పెడు తీస్తే సగం ఆమె వేళ్లకే జిగురులా అంటుకునేవి. పెట్టె పెట్టెకూ చేతులు తుడుచుకోలేక ఆమె ప్రాణం విసిగిపోయింది.

"నా చేతిలోనే ఇట్లా కరిగితే, రేపు వానకి లారీలో ఏమవుతాయి సార్?" అని ప్యాకింగ్ పని చూసే ఇంజనీరును అడిగింది.

"చెమటేమో నీది, తప్పేమో సరుకుదా అక్కా?" అన్నాడతను. పక్కనున్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆమె చేతులు తుడుచుకుని మరో పెట్టె అందుకుంది. వాదించే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

తొలి వానకే లారీలోకి నీళ్లు కారాయి. గుళికలన్నీ ముద్దకట్టి, మూడు వందల దీపాలు పగిలి తిరిగొచ్చాయి. ఆ గాజు పెంకులు ఏరే పనీ ఆమె నెత్తినే పడింది.

మర్నాడు ఇంజనీరు తల గోక్కుంటూ వచ్చాడు. "ఇక ఏ కొత్త సరుకొచ్చినా ముందు నీ గుప్పిట్లో పడాల్సిందే అక్కా."

"నా చెమటకి ఇన్నాళ్లకి మంచి రోజులొచ్చాయన్నమాట," అందామె, నవ్వకుండానే.

ఇప్పుడు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు గుప్పిళ్లూ నింపి, పావుగంట కదలొద్దంటారు. ఇంజనీరు గడియారం చూస్తూ నిలబడతాడు. ఆమె కళ్లు మూసుకుంటుంది. పనివేళల్లో ఆమె నడుం ఆనించి కూర్చునేది ఆ పావుగంటే.