ఇంజను మార్చమన్న బావ

మాది ధర్మవరం, మగ్గం పని. నాకున్న ఒకే ఒక్క సరదా రిమోట్ కారు. బ్యాటరీది కాదు, పెట్రోలు కాకుండా నైట్రో అనే ప్రత్యేక ఇంధనంతో నడిచే చిన్న ఇంజను ఉన్నది. చవకరకమే అయినా చేలల్లో దుమ్ము లేపుకుంటూ పరుగెత్తేది.

పోయిన వేసవిలో దాన్ని తీసుకుని తనకల్లు దగ్గర మా అక్కావాళ్ళ ఊరెళ్ళాను. చూడ్డానికి జనం చేలో చేరారు. స్టార్టు చేసే తాడు ఎంతసేపు లాగినా ఇంజను కిక్కురుమనలేదు. వేళ్ళు బొబ్బలెక్కాయి.

"ఏమప్పా, ఈ ఇంజను పనికిరాదు. పెద్దది వేయించు" అన్నాడు మా బావ, అందరి ముందూ. జనం నవ్వారు. తల కొట్టేసినట్టయింది. అక్కడే నిలబడి పెద్ద ఇంజను కోసం బెంగళూరులో కారు కొన్న దుకాణానికి ఫోన్ కలిపాను. అది మోగుతుండగా ఎందుకో ట్యాంకు మూత తీశాను. గుప్పున పెట్రోలు వాసన!

"దీంట్లో పెట్రోలు పోసిందెవరు?" అని అరిచాను.

"నేనే పోసినా. ట్యాంకు ఖాళీగా ఉండాదని మా పాత మోపెడ్‌కు పోసేదే, ఆయిలు కలిపి మరీ పోసినా. ఏం, తప్పా?" అన్నాడు బావ, తిరిగి నామీదే కోపంగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంజనుకు పెట్రోలు పనికిరాదు. ఫోన్ పెట్టేసి, ట్యాంకు శుభ్రం చేసి, నేను తెచ్చుకున్న ఇంధనం పోశాను. ఆ చవక ఇంజనే చేనంతా చుట్టి వచ్చింది.

తెలియకపోవడం తప్పు కాదు. అడగకుండా పోసి, ఆపైన సలహా కూడా ఇవ్వడమేమిటి? ఇప్పటికీ ఏ పెళ్ళిలో ఎదురుపడ్డా బావ అడిగేది ఒకటే:

"ఏమప్పా, ఇంజను మార్చినావా లేదా?"