ఎడమవైపు స్టీరింగు పట్టిన మామగారు

మా మామగారు పోయి నేటికి పది రోజులు. ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుండగా మా ఆయన ఫోన్ చేసి, "నాయన లేడు" అన్నాడు. రెండే మాటలు. చేతిలో సుద్దముక్కతోనే ఆటో ఎక్కాను.

కడపలో అందరికీ ఆయన మేస్త్రీ. నలభై ఏళ్లు కార్ల రిపేరు షెడ్డు నడిపారు. భోజనానికి కూర్చున్నా చెవి రోడ్డు మీదే ఉండేది. పోతున్న బండి చప్పుడు విని, "దానికి బేరింగు పోయింది" అంటూ అన్నం కలుపుకునేవారు. "పరిగెత్తేదాన్ని ఎవురైనా మెచ్చుకుంటారు. ఎట్ల నిలబడుతాదో చూడాల" అన్నది ఆయన మాట.

మూడేళ్ల కిందట బెంగళూరు డాక్టరొకాయన, తండ్రి వదిలిపోయిన పాత ఇటలీ కారును బాగుచేయమని లారీ మీద మా షెడ్డుకు పంపాడు. పొడవాటి ముక్కు, రెండే సీట్లు, పన్నెండు సిలిండర్ల ఇంజను. ఇంజను ముందుంటే గేరుబాక్సు మాత్రం వెనక చక్రాల దగ్గరుంది. ఎందుకలా అని అడిగాను.

"ఎద్దులబండిలో మూటలన్నీ ముందరేస్తే కాడి ఎద్దు మెడ కొరకదా? ఇటలీవోళ్లకూ అదే లెక్కమ్మా. బరువు ముందరా ఎనకా సమంగా పంచినారు."

ఏడు నెలలకు ఇంజను పలికింది. నడిపి చూడాలి. స్టీరింగేమో ఎడమవైపు. ముందు లారీ ఉంటే డ్రైవరుకు ఎదురొచ్చేది కనపడదు. కుడివైపు కూర్చుని చూసి చెప్పే మనిషి కావాలి.

"నువ్వు రామ్మా. నీకు తెలీకుంటే తెలీదనే అంటావు" అన్నారు.

గువ్వలచెరువు దాకా హాయిగా పోయాం. పాలకోవా తిని వెనక్కి తిరిగాం. ఘాటు దిగుతుంటే ఒక మలుపు దాటాక బ్రేకు పెడల్ నేలకు తగిలింది. ఆయన మళ్లీ తొక్కారు. మళ్లీ.

మూడో గేరు. రెండో గేరు. ఇంజను గొంతు చించుకుని అరిచింది. వేగం తగ్గింది గానీ, ముందు సిమెంటు లారీ నడక వేగంతో దిగుతోంది. దాని వెనక భాగం మా మీదికి పెరుగుతూ వస్తోంది. హ్యాండ్‌బ్రేకు లాగారు. కాలిన వాసన తప్ప ఏమీ రాలేదు.

"ముందర ఏముండాది? నాకు కనపడల్యా."

"బస్సొస్తాంది మామా! ఆగు!"

"ఆగదమ్మా. బస్సు పోతానే చెప్పు."

బస్సు ఎంతకీ రాదే! లారీ వెనక రాసిన అక్షరాలు చదవగలిగేంత దగ్గరయ్యాం. బస్సు మా పక్కనుంచి విసురుగా పోయింది. దాని వెనక ఇంకేదైనా ఉందా? తల బయటపెట్టి చూశాను.

"ఖాళీ! పో మామా!"

మళ్లీ అడగలేదు. నా ఒక్క మాట మీద, కనపడని రోడ్డులోకి స్టీరింగు తిప్పేశారు. లారీ దాటాం. మొదటి గేరులో పడేసరికి కారు గుర్రంలా గింజుకుంది. ఎడమ పక్కన రోడ్డు పనివాళ్లు పోసిన కంకర కుప్పలోకి ముక్కు గుచ్చి ఆపారు.

ఆయన దిగి, వెనక చక్రం దగ్గర వంగి చూశారు. పగిలిన రబ్బరు గొట్టం నుంచి బ్రేకు నూనె కారుతోంది. అక్కడే డాక్టరుకు ఫోన్ చేశారు.

"సార్, మీ కారు ముక్కు సొట్టపడింది. తప్పు నాది. పాతగొట్టం బాగుండాదిలే అనుకున్యా. మళ్లీ మొత్తం నేనే చేసిస్తా."

నాలుగు చీవాట్లు తిన్నట్టున్నారు. "అవును సార్" అని మాత్రం అంటున్నారు. తర్వాత ఈ సంగతి నేను లేనప్పుడు ఊళ్లో ఎవరితో చెప్పినా, "కోడలు చూసి చెప్పింది, నేను బండి పోనిచ్చినా, అంతే" అనేవారట. షెడ్డులో వాళ్లు మొన్న చెబితే తెలిసింది.

కారును ఎక్కించుకుపోయే బండి వచ్చేసరికి ఎండ తిరిగింది. కారు ఎక్కింది, బండి కదిలింది. దిగివచ్చే లారీలకు అడ్డంగా ఉన్న బండి కనపడదని పైమలుపుకు ఎక్కిన మామగారు మాత్రం ఇంకా అక్కడే ఉన్నారు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, దిగివస్తున్న ప్రతి లారీకీ ఊపుతున్నారు.

"నిదానంగా పోండప్పా! నిదానం!"

రండి మామా పోదాం అని పిలిచాను. ఇంకో లారీ చప్పుడు వినిపిస్తోందని చేత్తో సైగ చేసి, తువ్వాలు పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు.